సాయవ్వ కాలూ నిర్బాధ యంత్రమూ

సాయవ్వ ఎడమకాలి వేళ్లు రెండు పోయాయి. ఎవరు కోశారని అడగకండి, ఎవరు పోగొట్టారని అడగండి. మీ కాగితాల్లో చక్కెర జబ్బు అని రాసుకున్నారు. అబద్ధం. ఆ జబ్బు ఆమెకు పద్నాలుగేళ్లుగా ఉంది, ఆ పద్నాలుగేళ్లూ పది వేళ్లూ ఉన్నాయి. పోగొట్టింది మీరు. చల్లటి గదిలో కూర్చుని, ఎవరికీ ఏ హానీ జరగనివ్వమని చేతులెత్తి ప్రమాణం చేసిన మీరు. కావాలని హాని చేసేవాడైతే ఒక వేలు విరిచి పారిపోయేవాడు. హాని చేయకూడదని కంకణం కట్టుకున్న మీరు రెండు తీసుకుని, మూడో దానికోసం కమిటీ వేశారు.

జరిగింది జరిగినట్టు వినండి.

సాయవ్వ ఊరి ఏరియా ఆసుపత్రిలో ఓదెలు డ్రెస్సరు. పుండ్లు కడిగి కట్టు కట్టడం అతని పని. ఇరవై ఆరేళ్లుగా అదే పని, అదే బల్ల, అదే వంకర కాళ్ల స్టూలు. చదివింది ఎనిమిదో తరగతి. పెద్ద డాక్టర్లు లావుపాటి పుస్తకాల్లో చదువుకున్నది అతను రెండు ముక్కల్లో నేర్చుకున్నాడు. ఏడిస్తే బతికిన మాంసం. నవ్వితే చచ్చిన మాంసం.

అదెలాగంటే, కుళ్లిన పుండు మీద చచ్చిన మాంసం తెట్టు కట్టి ఉంటుంది. దాన్ని కత్తెరతో కొంచెం కొంచెం తీస్తూ పోవాలి. చచ్చినదాన్ని కోస్తుంటే మనిషికి తెలియదు, కబుర్లు చెప్తూ కూర్చుంటాడు. కత్తెర బతికిన మాంసాన్ని తాకగానే "అబ్బా!" అంటాడు. అక్కడ ఆగాలి. అక్కడ మందు వేసి కట్టాలి. అక్కణ్ణుంచే పుండు మానడం మొదలవుతుంది. బావి తవ్వేవాడు నీటి చెమ్మ కోసం చూసినట్టు ఓదెలు ఆ "అబ్బా" కోసం చెవులు రిక్కించుకుని కూర్చునేవాడు.

సాయవ్వ బీడీలు చుట్టే మనిషి. అరవై దాటాయి. చక్కెర జబ్బు ఆమె పాదాలను ఎప్పుడో నిద్రపుచ్చింది. అరికాల్లో గాజు పెంకు దిగితే నాలుగు రోజులు తెలియలేదు. చాప ఎర్రబడ్డాక చూసుకుంది. ఓదెలు దగ్గరికి వచ్చిన మొదటి రోజు ఒళ్లో బీడీల చాట కూడా తెచ్చుకుంది.

"నొప్పి లేస్తే చెప్పు అక్కా," అన్నాడు ఓదెలు కత్తెర పట్టుకుని.

"నొప్పి లేదు గిప్పి లేదు తమ్మీ. నువ్వు కోసుకుంట పో, నేను చుట్టుకుంట పోత. ఇద్దరి పని ఐతది."

అతను కోశాడు. ఆమె ఆకులో తంబాకు పోసి చుడుతూ, మనవరాలి ముచ్చట్లు చెబుతూ నవ్వింది. ఇరవై ఆరేళ్లలో ఎన్నో పుండ్లు చూసిన ఓదెలుకు ఆ నవ్వు చూస్తే మాత్రం ఒళ్లు జలదరించింది.

పద్దెనిమిది రోజులు ఆమె అలాగే నవ్వింది. పంతొమ్మిదో రోజున కత్తెర కొంచెం లోపలికి పోగానే, "ఓరి నీ చెయ్యిరగ!" అని ఎగిరిపడి చాటతో అతని నెత్తి మీద కొట్టింది. బీడీలు గదంతా చెదిరాయి. ఓదెలు నెత్తి రుద్దుకుంటూ పెళ్లికొడుకులా నవ్వాడు.

"లేచింది అక్కా! నీ కాలు నిద్ర లేచింది!"

ఆ రోజు డ్రెస్సింగు గదిలో అందరికీ చాయ్ తెప్పించాడు.

ఇరవయ్యో రోజున యంత్రం వచ్చింది.

దాని పేరు నిర్బాధ. గేటు దగ్గర నిలువెత్తు స్తంభం, దానికి గుండ్రటి కన్ను. లోపలికి వచ్చే ప్రతి రోగి ముఖాన్నీ ఫొటో తీసి, అందులో బాధ నూటికి ఎంతో లెక్క కడుతుంది. బయటికి పోయేటప్పుడు మళ్లీ తీస్తుంది. వచ్చినప్పటికన్నా పోయేటప్పుడు బాధ పెరిగితే, ఆ పెరిగినదంతా ఆసుపత్రి చేసిన హాని. ఆ రోగిని ఎవరు ముట్టుకుంటే వాళ్ల పేరు మీద పడుతుంది. ప్రతి గదిలో ఇంకో చిన్న కన్ను, ఎవరు ముట్టుకున్నారో చూడటానికి.

యంత్రం వెంట జిల్లా నిర్బాధాధికారి దివాకర్ గారు వచ్చారు. ఇస్త్రీ మడత నలగని మనిషి. సిబ్బందినంతా హాల్లో కూర్చోబెట్టి ప్రశ్నించారు.

"వైద్యం యొక్క ప్రథమ సూత్రం ఏమిటి? హాని చేయకుము! ద్వితీయ సూత్రం ఏమిటి?"

హాలంతా ఒకసారి కలయజూశారు.

"లేదు! ప్రథమ సూత్రం సంపూర్ణంగా అమలైన చోట ద్వితీయ సూత్రం యొక్క ఆవశ్యకత ఉత్పన్నం కాదు."

చప్పట్లు కొట్టారు. కొట్టనివాళ్ల వైపు కన్ను తిరిగింది, వాళ్లూ కొట్టారు. ఓదెలు చెయ్యెత్తాడు.

"సార్, మొఖం ఫొటో ఎందుకు సార్? పుండు ఫొటో తీస్తే మానుతున్నదో లేదో ఎరుకైతది గద."

దివాకర్ గారు జాలిగా చూశారు. "పుండుకు భావోద్వేగాలు ఉండవు బాబూ. పుండు పెరిగిందా తగ్గిందా అన్నది వైద్యపరమైన అంశం. మాది నైతికపరమైన శాఖ."

వారం తిరిగేసరికి వరండాలో పెద్ద తెర మీద పేర్లు వెలిగాయి. అందరికన్నా పైన, ఎర్రగా, "అత్యధిక హానికారి: ఓదెలు, డ్రెస్సర్." కింద పళ్ల డాక్టరు. ఆ కింద సూదులేసే సిస్టరు. పచ్చటి పేర్ల వరస చూస్తే లిఫ్టు రిపేరు మేస్త్రీ, నాలుగు నెలలుగా సెలవులో ఉన్న కంటి డాక్టరు. ఆ వరసలో అన్నింటికన్నా పైన మార్చురీ, నూటికి నూరు. చచ్చినవాళ్లకు కొత్తగా హాని చేయడం కుదరదు కాబట్టి అక్కడ కన్ను బిగించనే లేదు, మార్కులు ముందే వేసేశారు.

సూపరింటెండెంట్ వైకుంఠం గారు ఓదెలును పిలిపించారు. ఒకప్పుడు మంచి చేయి ఉన్న డాక్టరు. ఇప్పుడు ఆ చేయి సంతకాలకు అలవాటు పడింది.

"ఓదెలూ, నువ్వు మంచోనివే. గని నీ బోర్డు మంచిగ లేదు," అంటూ సర్క్యులర్ చేతికిచ్చారు.

'కట్టు విప్పుట యందే బాధ జనించుచున్నట్లు నిర్బాధ గణాంకములు నిరూపించినవి. కావున ఇకమీదట కట్టు విప్పకుండగనే కట్టు కట్టవలెను.'

ఓదెలు రెండుసార్లు చదివాడు. "కట్టు ఇప్పకుంటె పుండు ఎట్ల కడుగుతం సార్?"

"కడుగుమని సర్క్యులర్ల ఉన్నదా?"

"లేదు సార్."

"మరి?"

"పుండు కుళ్లుతది సార్."

వైకుంఠం గారు తలుపు వైపు చూసి గొంతు తగ్గించారు. "కుళ్లితే అది జబ్బు చేసిన హాని. కడిగితే అది మనం చేసిన హాని. నాకు ఇంకా రెండేండ్ల సర్వీసున్నది. ఇంకొక్కసారి నీ పేరు ఎర్రగొస్తే నిన్ను స్టోరు రూముల పడేస్తరు, మనిషిని ముట్టనియ్యరు. అప్పుడు ఆ సాయవ్వను ఎవలు చూస్తరు? సిస్టర్ చూస్తదా?"

ఆ ఆఖరి మాటకు ఓదెలు లొంగాడు. తను ఉంటే ఎప్పుడో ఒకప్పుడు సందు దొరక్కపోతుందా అనుకున్నాడు. అలా అనుకునే ఉద్యోగంలో మిగిలిన మంచివాళ్లతోనే మీ వ్యవస్థ నడుస్తున్నది. అది మీకు బాగా తెలుసు.

మర్నాటి నుంచి కట్టు మీద కట్టు. మూడో రోజుకు సాయవ్వ పాదం సొరకాయంత అయింది. ఆరో రోజుకు తలకింద పెట్టుకునే మెత్తంత. ఎనిమిదో రోజున ఆమె కాలు ఎత్తి చూసుకుని పకపకా నవ్వింది.

"ఏందిది తమ్మీ, కాలుకు కట్టు గట్టినవా, కట్టుకు నన్ను గట్టినవా?"

"నొప్పేమన్న ఉన్నదా అక్కా?" అన్నాడు ఓదెలు. ఉంది అంటే బాగుండునని.

"ఎహె, ఏం లేదు. సుతారంగున్నది."

ఆ నవ్వు యంత్రానికి తెగ నచ్చింది. లోపలికి వచ్చేటప్పుడు బాధ పన్నెండు, పోయేటప్పుడు నాలుగు. జిల్లాలో అలాంటి ముఖం ఇంకోటి లేదు. దివాకర్ గారు స్వయంగా వచ్చి ఆమెకు శాలువా కప్పి, ఫొటో తీయించి, గేటు మీద ఫ్లెక్సీ కట్టించారు. "నాకు ఏ బాధా లేదు! – ఆదర్శ రోగి సాయవ్వ."

సాయవ్వ తల పైకెత్తి దాన్ని చాలాసేపు చూసింది.

"మొఖం మంచిగొచ్చింది. మరి కాలు ఏది సారూ?"

"ఫ్రేములో పట్టలేదమ్మా," అన్నారు దివాకర్ గారు.

ఇంతలో పక్క జిల్లా ఆసుపత్రి పోటీలో ముందుకెళ్లింది. అక్కడ హాని సున్నా కాదు, సున్నాకన్నా తక్కువ. ప్రతి రోగీ వచ్చినప్పటికన్నా హాయిగా తిరిగి వెళ్తున్నట్టు లెక్కలు. వైకుంఠం గారు రహస్యంగా మనుషుల్ని పంపి కనుక్కున్నారు. వాళ్లు రోగుల్ని గేటు బయట రెండు గంటలు ఎండలో నిలబెట్టి, అప్పుడు మొదటి ఫొటో తీస్తున్నారట. లోపలికొచ్చి ఫ్యాను కింద కూర్చుంటే చాలు, ముఖం వికసిస్తుంది.

దివాకర్ గారికి ఆ ఆలోచన నచ్చింది, పద్ధతి నచ్చలేదు. "ఎండ ఒక రోజు ఉంటుంది, ఒక రోజు ఉండదు. మనం శాస్త్రీయంగా పోదాం."

ఆ విధంగా "ప్రాథమిక బాధా స్థిరీకరణ" అమల్లోకి వచ్చింది. మొదటి ఫొటోకు ముందు ప్రతి రోగినీ ఎడమ జబ్బ మీద రెండు సెకన్లు గిచ్చాలి. ఆ బాధ్యత వాచ్‌మన్ యాకూబ్‌కు అప్పగించారు. చీమను తొక్కితే అల్లాకు క్షమాపణ చెప్పుకునే మనిషి యాకూబ్. అతనికి సగం పూట శిక్షణ ఇచ్చారు, బొటనవేలి గోరు పెంచమన్నారు.

"సార్, ఇది హాని గాదా?" అన్నాడు యాకూబ్, గోరు చూసుకుంటూ.

"నిర్వచనం తెలుసుకో. హాని అనగా ప్రవేశ ఫొటో తదుపరి సంభవించునది. నీవు గిచ్చునది ప్రవేశ ఫొటోకు పూర్వం. కాబట్టి అది రోగి ఇంటినుంచి తెచ్చుకున్న బాధ కిందకు వస్తుంది."

యాకూబ్ గిచ్చడం మొదలుపెట్టాడు. గిచ్చిన ప్రతి మనిషికీ సలాం చేసేవాడు. ఒక్కొక్కరి దగ్గర రోగి కన్నా ముందు తానే "అమ్మా" అనేవాడు. యంత్రం మాత్రం ఆనందించింది. ఎద్దు పొడిచినవాడు సైతం గేటు దగ్గర ఎనభై, లోపల కట్టు మీద కట్టు కట్టించుకుని పోయేటప్పుడు డెబ్బై. తెర మీద పేర్లన్నీ పచ్చబడ్డాయి. ఓదెలు పేరు కూడా. పచ్చగా మెరుస్తున్న తన పేరు చూస్తే ఓదెలుకు పాచిపట్టిన మెట్టు మీద కాలు పెట్టినట్టుండేది.

పదకొండో రోజున సాయవ్వ గేటు దగ్గరికి వచ్చింది. ఆటోలోంచి దిగలేక ఇద్దరు దించారు.

"మాఫ్ చెయ్యి పెద్దమ్మా," అని యాకూబ్ జబ్బ పట్టుకున్నాడు.

"గిచ్చు బిడ్డా గిచ్చు. నా పెనిమిటి గిచ్చి ముప్పై ఏండ్లాయె."

గిచ్చబోయినవాడు ఆగిపోయాడు. ముక్కుపుటాలు ఎగరేశాడు. వంగి ఆ మెత్తలాంటి కట్టు దగ్గర వాసన చూశాడు. ఫొటో సంగతి మరిచి డ్రెస్సింగు గదికి పరుగెత్తాడు.

"అన్నా! పెద్దమ్మ కాలు... వాసనొస్తున్నదన్నా."

ఏం వాసన అని ఓదెలు అడగలేదు. స్టూలు తన్నుకుంటూ లేచాడు. గోడమీది కన్నును చూశాడు. ఇక్కడ కట్టు విప్పితే సగంలోనే పిలుపు వస్తుంది, తనను లాక్కుపోతారు, కాలు మళ్లీ చుట్టేస్తారు. ఆసుపత్రి మొత్తంలో కన్ను లేని గది ఒక్కటే ఉంది. చక్రాల కుర్చీలో సాయవ్వను కూర్చోబెట్టి వెనకవైపుకు తోశాడు. తలుపు మీది అక్షరాలు చూసి ఆమె కుర్చీ పట్టుకుంది.

"తమ్మీ! నేనింక సావలేదురా!"

"అందుకే తీస్కపోతున్న అక్కా. సచ్చినోళ్లనైతే ఎవడన్న తీస్కపోతడు."

ముందుగదిలో రాతిబల్ల ఖాళీగా ఉంది. రెండుసార్లు బ్లీచింగు నీళ్లు పోసి కడిగి, ఉతికిన దుప్పటి పరిచి పడుకోబెట్టాడు. కట్టు విప్పసాగాడు. ఒక వరస, రెండు, నాలుగు, ఏడు. పదకొండో వరస తడిగా వచ్చింది. చిటికెన వేలూ దాని పక్కదీ నల్లగా, ఎండిన ఖర్జూరాల్లా ఉన్నాయి. పట్టకారుతో నొక్కి ఆమె ముఖం చూశాడు.

సాయవ్వ నవ్వుతోంది. "ఏమైంది తమ్మీ, గట్ల జూస్తున్నవ్?"

ఓదెలు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఆ ముఖం ముందు కెమెరా పెట్టి ఉంటే నిర్బాధ యంత్రం పగిలిపోయేది.

సర్జన్ అరుంధతి డాక్టరమ్మను యాకూబ్ పిలుచుకొచ్చాడు. ఆమెకు రెండు వారాలుగా పని లేదు. కత్తిని మించిన హాని లేదని ఆపరేషన్ థియేటరుకు తాళం వేసి, తాళానికి దండ కూడా వేశారు. ఆమె పాదం చూసి కళ్లద్దాలు సర్దుకుంది.

"విప్పి ఎన్ని రోజులైంది?"

"పదకొండు మేడం."

"ఎవరు కట్టింది?"

సర్క్యులర్ పేరు చెప్పొచ్చు. సూపరింటెండెంట్ పేరు చెప్పొచ్చు. "నేనే మేడం," అన్నాడు ఓదెలు.

ఆమె ఇంకేం తిట్టలేదు. "రెండు వేళ్లు ఇవాళ తీయాలి. రేపైతే పాదం. ఎల్లుండైతే నన్ను అడగకు."

సాయవ్వ మోచేతుల మీద లేచింది. "తియ్యిరి బిడ్డా. ఆ రెండిటితోని నేనేమన్న బీడీలు జుడుతున్ననా?" అంది. అని, చాటలో చేయి పెట్టింది గానీ ఆ రోజు ఒక్క బీడీ కూడా చుట్టలేదు.

పనిముట్లు మరగబెట్టి, మత్తుమందిచ్చి, శవాలకోసం కట్టిన బల్ల మీద బతికిన మనిషి వేళ్లు తీశారు. చేతులు కడుక్కుంటూ అరుంధతి డాక్టరమ్మ ఒకే మాట చెప్పింది. "రోజూ శుభ్రం చెయ్యి. మూడు వారాలు చూద్దాం. ఎర్రటి మాంసం కనబడి, ఆమెకు నొప్పి తెలిసిందా, పాదం ఉంటుంది. లేదా, పాదం కూడా ఇదే బల్ల మీద పోతుంది."

ఇలాంటి కబురు దాగదు. మర్నాడు సెగగడ్డతో ఒకడు వచ్చాడు. ఆ మర్నాడు విరిగిన చెయ్యి. సూదులేసే సిస్టరు సూదులు సంచిలో పెట్టుకుని వచ్చి మూలన కూర్చుంది. పళ్ల డాక్టరు పటకారు తెచ్చుకున్నాడు. రెండు వారాల్లో ముందు భవనంలో నవ్వులూ వెనక గదిలో వైద్యమూ స్థిరపడ్డాయి. బస్టాండులో ఆడవాళ్లు ఎదురుపడితే ఇలా మాట్లాడుకునేవాళ్లు.

"యాడికి వదినే, పొద్దుగాల్నే?"

"మార్చురీకి పోయొస్త. పన్ను సలుపుతున్నది."

"మా అత్తను గూడ తోల్కపో. నిన్న పోయి ఇయ్యాల మల్ల రమ్మన్నరట."

మూడు వారాల గడువు శుక్రవారంతో నిండుతుంది. శుక్రవారం పొద్దున రాజధాని నుంచి కమిటీ దిగింది, ఆసుపత్రికి "సంపూర్ణ నిర్బాధ" పతకం ఇవ్వడానికి. కమిటీ అధ్యక్షురాలు పెద్ద ఆఫీసరు, చదివిన కాగితాన్ని మళ్లీ చదివే రకం. దివాకర్ గారు తెర మీద లెక్కలు చూపించారు. వార్డుల్లో హాని సున్నా. ఆపరేషన్ థియేటరులో సున్నా. డ్రెస్సింగు గదిలో సున్నా.

ఆమె కాగితం తిప్పింది. "మార్చురీకి రోజుకు నూటనలభై మంది వెళ్తున్నారా?"

దివాకర్ గారు వైకుంఠం గారి వైపు చూశారు.

"వెళ్తున్నారు మేడం," అన్నారు వైకుంఠం గారు, చెమట తుడుచుకుంటూ. "గని... తిరిగి గూడ వస్తున్నరు."

కమిటీ లేచి వెనకవైపుకు నడిచింది. మార్చురీ ముందు చెట్ల నీడలో వరస. పిల్లల్ని ఎత్తుకున్న తల్లులు, కర్రలు పట్టుకున్న ముసలివాళ్లు. లోపల రాతిబల్ల మీద సాయవ్వ, ఒళ్లో చాట. కాలి దగ్గర ఓదెలు. పక్కన అరుంధతి డాక్టరమ్మ చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

దివాకర్ గారి ముఖం పాలిపోయింది. "అనధికార వైద్యం! మేడం, ఇది శాఖకు తెలియకుండా జరుగుతున్న..."

"ఆగండి," అంది అధ్యక్షురాలు. ఫ్లెక్సీ మీది ముఖాన్ని ఆమె గుర్తుపట్టింది. ఫ్రేములో పట్టని కాలును ఇప్పుడు చూసింది. "కానివ్వండి. మేమూ చూస్తాం."

"అయితే ప్రమాణబద్ధంగా చూద్దాం," అని దివాకర్ గారు చేతిలోని టాబ్లెట్ కెమెరాను సాయవ్వ ముఖానికి ఎదురుగా పట్టారు. అంకె ఆరు. పచ్చగా వెలిగింది.

ఓదెలు ఎవరినీ చూడలేదు. కత్తెర తీసుకున్నాడు. తెల్లటి తెట్టును కొంచెం తీశాడు. సాయవ్వ బీడీ చుడుతోంది. అంకె ఆరు. ఇంకొంచెం తీశాడు. ఐదు. ఓదెలు నుదుటి చెమట ముక్కు చివరికి వచ్చి ఆగింది. ఇవాళ లేవకపోతే సాయంత్రానికి పాదం లేదు. అరుంధతి డాక్టరమ్మ గడియారం చూసుకుంది. ఇంకొంచెం తీశాడు. నాలుగు.

"అద్భుతం," అన్నారు దివాకర్ గారు.

ఓదెలు కళ్లు మూసుకున్నాడు, తెరిచాడు, కత్తెర మొనను పక్కకు వంచి ఒక్క గింజంత లోపలికి పోనిచ్చాడు.

"ఓరి నీ చెయ్యిరగా! సంపుతున్నవ్ గదరా నన్ను!"

చాట ఎగిరింది. బీడీలు అధ్యక్షురాలి చీర మీద పడ్డాయి. అంకె తొంభై ఎనిమిది. టాబ్లెట్ ఎర్రగా వెలిగి కీచుమని కూసింది.

"ఆపండి! హాని! తీవ్ర హాని!" అని అరిచారు దివాకర్ గారు.

ఓదెలు నేల మీద కూలబడి నవ్వుతున్నాడు. కళ్ల నీళ్లు కారుతున్నాయి. "లేచింది మేడం! లేచింది!"

అరుంధతి డాక్టరమ్మ వంగి చూసింది. తెల్లటి తెట్టు మధ్య చింతగింజంత ఎర్రదనం. "పాదం ఉంటుంది," అంది.

గేటు వదిలేసి వచ్చిన యాకూబ్ తల మీది టోపీ తీసి గాల్లోకి విసిరాడు. వరసలో సెగగడ్డవాడు సైతం చప్పట్లు కొట్టాడు. టాబ్లెట్ కూస్తూనే ఉంది.

అధ్యక్షురాలు దివాకర్ వైపు తిరిగింది. "ఇప్పుడు జరిగింది హానా, మేలా?"

"నిర్వచనం ప్రకారం హాని మేడం."

సాయవ్వ నొప్పికి పళ్లు బిగబట్టి లేచి కూర్చుంది. "ఓ సారూ, ఇట్రా. ఆ డబ్బా నా మొఖం మీదికెళ్లి తియ్యి. కిందికి దించు. ఇంక కిందికి. నా పొట్ట కాదయ్యా, ఇంక కిందికి. ఆఁ. ఇగో, నా కాలు. దీన్ని జూడు."

దివాకర్ గారు దించారు. టాబ్లెట్ కూత ఆపింది. తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి. 'ముఖము కనబడుట లేదు. దయచేసి కెమెరా వైపు చూచి చిరునవ్వు నవ్వండి.'

అందరూ చూశారు. ఎవరూ నవ్వలేదు. మీ యంత్రం ఆ క్షణంలో మొదటిసారి నిజం చెప్పింది, ఆ కాలు తనకు కనబడదని.

ఆ సాయంత్రమే కమిటీ నిర్ణయం వచ్చింది. నిర్బాధ నిర్వచనాన్ని పునఃపరిశీలించుటకు మూడు మాసముల గడువు. అంతవరకు యథాతథ స్థితి. సోమవారంలోగా మార్చురీలో కూడా కెమెరా బిగించవలెను.

మూడు నెలలట! మీ ఫైలుకు మూడు నెలలు ఉంటాయి, కుళ్లదు. సాయవ్వ పాదానికి మూడు రోజులు కూడా లేవు. అందుకే చెప్తున్నాను, మీ కమిటీ వాళ్ల చాయ్ చల్లారకముందే విని చేయండి. సోమవారం కెమెరా తెచ్చే మనిషిని దారిలోనే వెనక్కి పంపండి. థియేటరు తాళం మీద ఎండిన దండ పీకి తాళం తీయండి. మార్చురీని చచ్చినవాళ్లకు వదిలి, బతికినవాళ్లను ముందు భవనంలోకి రానివ్వండి. కట్టు విప్పకుండా కట్టమన్న ఆ సర్క్యులర్‌ను రాసినవాడి చేత్తోనే చింపించండి. చింపేముందు ఒక్కసారి వాడికే కట్టు కట్టి, పదకొండు రోజులు విప్పకుండా ఉంచి చూడండి. యాకూబ్ గోరు కత్తిరించుకోనివ్వండి. ఫ్లెక్సీ దించండి. గుడ్డ గట్టిగానే ఉంటుంది, వరసలో నిలబడ్డవాళ్లకు నీడకైనా పనికొస్తుంది.

రేపు పొద్దున తొమ్మిదింటికి సాయవ్వ ఆటో దిగుతుంది. ఆమెను గిచ్చకండి. ఆమె ముఖం చూసి మీరు సంతోషపడకండి. అవ్వా, కాలు చూపించు అని అడగండి. తర్వాత ఓదెలు చేతికి కత్తెర ఇచ్చి, ఆమె తిట్టేదాకా పక్కకు తప్పుకోండి.